కరువు సీమలో గురిఫలకం: పెరటి విలువిద్యా సాధనకు మన్నికైన ఫోమ్ ఎంపిక

ప్రశ్న, దాని నేపథ్యం

విలువిద్య నేర్చుకునేవారు విల్లును, బాణాలను ఎంచుకునే విషయంలో చూపే శ్రద్ధలో సగం కూడా బాణాన్ని ఆపే ఫలకం విషయంలో చూపరు. అయితే సాధన ఎన్ని నెలలు నిరాటంకంగా సాగుతుందో, ఎన్ని బాణాలు విరగకుండా మిగులుతాయో, పక్కింటివారు ఎంత నిశ్చింతగా ఉండగలుగుతారో నిర్ణయించేది ఆ ఫలకమే. భారతీయ విలుకాళ్ల వాడుకలో దీనిని బట్రెస్ అంటారు. దాని మీద అంటించే రంగు వలయాల కాగితాన్ని టార్గెట్ ఫేస్ అంటారు. కాగితం గురిని చూపిస్తుంది, బట్రెస్ బాణాన్ని నిలుపుతుంది. ఈ వ్యాసం పరిశీలించేది రెండవదానిని.

తెలుగునాట ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరుగుతోంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచింది. అదే నగరానికి చెందిన బొమ్మదేవర ధీరజ్ అవే క్రీడల్లో పురుషుల రికర్వ్ జట్టుతో రజతం సాధించి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానం దాకా వెళ్లాడు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చడంతో ఈ క్రీడ వైపు చూసే కుటుంబాలు కోస్తా నగరాలకే పరిమితం కావు. ప్రతిరోజూ అకాడమీ మైదానానికి వెళ్లలేని మండలాల్లోని పిల్లలకు ఇంటి పెరడే సాధనాస్థలం అవుతుంది.

అనంతపురం పీఠభూమిలో ఆ పెరడు కోస్తా పెరడు వంటిది కాదు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండి, తూర్పు తీరపు ఈశాన్య రుతుపవనాలు కూడా బలహీనపడిన తర్వాతే చేరే ఈ ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. నైరుతి రుతుపవన కాలంలో వాన కంటే గాలి ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినా ఈ వాతావరణ లక్షణం రెండు జిల్లాలకూ ఉమ్మడిదే. గురిఫలకాల ఎంపిక గురించి లభించే సలహాలలో అధికభాగం యూరప్, అమెరికా వంటి చోట్ల, తడి ప్రధాన శత్రువుగా ఉన్న పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని పుట్టినవి. ఇక్కడ ఆ క్రమం తలకిందులవుతుంది: మొదటి శత్రువు ఎండ, రెండవది గాలి, మూడవది చెద, ఆ తర్వాతనే వాన. ఈ క్రమాన్ని గుర్తించకుండా కొన్న ఫలకం ఎంత ఖరీదైనదైనా మన్నదు అన్నది ఈ సమీక్ష ప్రతిపాదన.

ఫలకం చేసే పని

ఎగిరివచ్చే బాణంలోని గతిశక్తిని, అంటే వేగం వల్ల దానికి కలిగిన శక్తిని, బాణానికి హాని కలగకుండా కొద్ది సెంటీమీటర్ల దూరంలో హరించడమే ఫలకం పని. ఈ శక్తి విల్లును బట్టి మారుతుంది. దేశీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగంలో వాడే వెదురు విల్లు నుంచి 25 గ్రాముల బాణం సెకనుకు 45 మీటర్ల వేగంతో వెళ్లిందనుకుంటే దాని శక్తి సుమారు 25 జౌళ్లు. కొమ్మల చివరలు ముందుకు వంగి ఉండే ఒలింపిక్ విల్లు అయిన రికర్వ్ నుంచి 20 గ్రాముల బాణం 60 మీటర్ల వేగంతో వెళితే 36 జౌళ్లు. కొమ్మల చివర తిరిగే చక్రాలతో శక్తిని నిలువ చేసే కాంపౌండ్ విల్లు నుంచి 24 గ్రాముల బాణం 85 మీటర్ల వేగంతో వెళితే దాదాపు 87 జౌళ్లు. అంటే ఒకే ఫలకం ముందు నిలబడిన ముగ్గురు విలుకాళ్లలో మూడవవాడు మొదటివాడి కంటే మూడు రెట్లకు పైగా శక్తిని దానిలోకి పంపుతున్నాడు. బాణం 15 సెంటీమీటర్లలో ఆగాలంటే రికర్వ్ బాణాన్ని సగటున 24 కిలోల బరువుకు సమానమైన బలంతో, కాంపౌండ్ బాణాన్ని 59 కిలోల బరువుకు సమానమైన బలంతో ఫలకం పట్టుకోవలసి ఉంటుంది.

ఆ పట్టు రెండు విధాలుగా వస్తుంది. మొన ముందుకు దూసుకుపోతూ పదార్థాన్ని చీల్చడానికి లేదా పక్కకు నెట్టడానికి ఖర్చయ్యే శక్తి ఒకటి. షాఫ్ట్, అంటే బాణపు కాడ, చుట్టూ పదార్థం బిగిసి కలిగించే రాపిడి రెండవది. మంచి ఫలకంలో రెండవదానిదే ప్రధాన పాత్ర కావాలి, ఎందుకంటే చీల్చడం వల్ల ప్రతి బాణమూ శాశ్వతమైన రంధ్రాన్ని మిగులుస్తుంది, రాపిడి వల్ల మాత్రం పదార్థం పక్కకు జరిగి తిరిగి యథాస్థానానికి రాగలదు. అయితే రాపిడి వేడిని పుట్టిస్తుంది. ప్లాస్టిక్ జాతికి చెందిన ఫోములు ఆ వేడికి క్షణకాలం మెత్తబడి కాడకు అంటుకుంటాయి. బాణం పీకడం కష్టమవుతుంది, కాడ మీద సన్నని పొర పేరుకుంటుంది. సన్నని కాడలున్న బాణాలకు రాపిడి జరిగే ఉపరితలం తక్కువ కనుక అవి మరింత లోతుకు దిగుతాయి. ఇందువల్ల ఫలకం మందాన్ని విల్లు బలంతో పాటు బాణం మందాన్ని కూడా చూసి నిర్ణయించాలి.

గడ్డి, అట్ట, గుడ్డ

ఫోమ్ రాకముందు ప్రపంచంలో ఎక్కువచోట్ల గురిఫలకం అంటే గడ్డే. గడ్డిని తాడుగా పేని చుట్టలు చుట్టి కుట్టిన గుండ్రని ఫలకాలు యూరప్‌లో శతాబ్దాలుగా ఉన్నాయి. వరి పండే కృష్ణా డెల్టాలో బిగించి కట్టిన వరిగడ్డి మోపు సులభంగా దొరికే ఫలకం. గడ్డి కాడల మధ్య బాణం దారి చేసుకుని రాపిడితో ఆగుతుంది, వేడికి కరగదు, పీకడం తేలిక.

ఈ గుణాలన్నీ నిజమే అయినా అనంతపురంలో గడ్డిని ఫలకంగా సిఫార్సు చేయడానికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది పదార్థానికి సంబంధించినది: తీవ్రమైన పొడి వేడిలో గడ్డి పెళుసెక్కి, బాణం తగిలిన ప్రతిసారీ పొట్టుగా రాలిపోతుంది, కట్టు సడలుతుంది, నేలను తాకిన భాగాన్ని చెదపురుగులు వారాల్లోనే పట్టుకుంటాయి. రెండవది అంతకంటే బరువైనది. ఈ నేల మీద గడ్డి అంటే పశువుల ప్రాణం. వరి తక్కువగా, వేరుశనగ ఎక్కువగా పండే ఈ మెట్టభూముల్లో వేరుశనగ కట్టె, జొన్న చొప్ప వామివేసి వేసవి దాకా దాచుకునే మేత. వాన తప్పిన ఏడు ఆ మేత లేకనే పాడి పశువులను సంతలకు తోలవలసి వస్తుంది. తినదగిన మేతను బాణాలతో పొట్టు చేయడం ఈ ప్రాంతంలో కేవలం ఖర్చుకు సంబంధించిన విషయం కాదు. అది చేయకూడని పని. గడ్డి చవకగా ఉన్న చోట ఫోమ్ ఒక సౌకర్యం కావచ్చు గాని, ఇక్కడ మాత్రం అది న్యాయమైన ప్రత్యామ్నాయం.

ముడతల అట్టపెట్టెలను పలకలుగా కోసి, అంచులు విలుకాని వైపు ఉండేలా పేర్చి, రెండు చెక్కల మధ్య మరబోల్టులతో బిగించిన ఫలకం మరొక మార్గం. ఇది చాలా చవక, బలహీనమైన విళ్లకు బాగా పనికివస్తుంది. కానీ ఒక్క వానకే ఉబ్బి బలం కోల్పోతుంది. కాగితం కూడా చెదకు ఆహారమే. కప్పు కింద, నేలకు ఎత్తుగా ఉంచగలిగితే కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఒక కాలం గడుస్తుంది.

ఫోమ్‌తో నిజంగా పోటీపడగలిగేది గుడ్డముక్కల సంచి. రాయదుర్గంలో జీన్స్ దుస్తుల కుట్టు పరిశ్రమ విస్తరించి ఉండటం వల్ల కత్తిరింపు ముక్కలు ఈ ప్రాంతంలో అందుబాటులో ఉన్న పదార్థం. ఆ ముక్కలను మందమైన గోతాల్లో గట్టిగా కూరి, 35 నుంచి 40 సెంటీమీటర్ల మందంతో కుట్టిన సంచి కాంపౌండ్ బాణాన్ని కూడా ఆపగలదు. గుడ్డ కరగదు కనుక బాణం రెండు వేళ్లతో లాగినా వస్తుంది, బరువు ఎక్కువ కనుక గాలికి పడదు. దీనికి ఉన్న లోపాలు మూడు. గుడ్డ క్రమంగా కిందికి దిగి పైభాగం బోలవుతుంది, అందువల్ల నెలనెలా విప్పి సర్దాలి. గుండీలు, జిప్పులు, రివెట్లు ఒక్కటి మిగిలినా బాణం మొన లేదా కాడ దెబ్బతింటుంది, అందువల్ల ప్రతి ముక్కనూ చేత్తో చూసి వేయాలి. నూలు కూడా చెదకు లోబడేదే కనుక నేల మీద ఉంచకూడదు. ఎరువుల ప్లాస్టిక్ సంచులను పై తొడుగుగా వాడితే ఎండకు కొద్ది నెలల్లోనే నూలుపోగుల్లా విడిపోతాయి. జనపనార గోతం అంతకంటే నయం.

ఫోములలో రకాలు

ఫోమ్ అనే ఒకే పేరు కింద అమ్ముడయ్యే పదార్థాలు గుణంలో చాలా దూరంగా ఉంటాయి. వాటిని విడదీసే మొదటి భేదం గాలిగదుల నిర్మాణం. గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటే అది తెరిచిన గదుల ఫోమ్. పరుపుల్లో, కుర్చీల్లో వాడే స్పాంజి ఈ జాతిది. ఇది నీటిని పీలుస్తుంది, బాణానికి దాదాపు ఎదురు చెప్పదు. ప్రతి గదీ విడిగా మూసుకుని ఉంటే అది మూసిన గదుల ఫోమ్; నీరు లోపలికి వెళ్లదు, నొక్కితే గదుల్లోని గాలి తిరిగి నెడుతుంది. ఆరుబయట నిలిచే గురిఫలకానికి మూసిన గదుల ఫోమే తగినది.

పదార్థాన్ని బట్టి చూస్తే అన్నింటికంటే బలహీనమైనది థర్మోకోల్ అని పిలిచే పాలిస్టైరీన్. దానికి సాగే గుణం లేదు, బాణం తగిలిన చోట పూసలుగా రాలిపోతుంది, గాలికి ఆ పూసలు ఊరంతా వ్యాపిస్తాయి. దానిని ఏ పరిస్థితిలోనూ ఎంచుకోకూడదు.

తుక్కు స్పాంజి ముక్కలను జిగురుతో ఒత్తి చేసే రీబాండెడ్ ఫోమ్ పరుపుల దుకాణాల్లో దొరుకుతుంది. సాంద్రత ఎక్కువ కనుక వెదురు విళ్ల బాణాలను ఆపుతుంది గాని, ఇది పాలీయూరిథేన్, తెరిచిన గదులది. ఎండకు పసుపెక్కి, పొడిగా రాలుతుంది. గది లోపల వాడటానికే పరిమితం.

చెప్పుల అడుగులకు, వ్యాయామశాలల నేలపరుపులకు వాడే ఈవీఏ ఫోమ్ దేశంలో బట్రెస్‌లకు విస్తృతంగా వాడుతున్న పదార్థాల్లో ఒకటి. సాగుతుంది, మూసిన గదులది, సులభంగా చిరగదు. దీని బలహీనత వేడి. పాలిథిలీన్ 105 నుంచి 115 డిగ్రీల మధ్య కరుగుతుండగా ఈవీఏ అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతకే మెత్తబడుతుంది. నేరుగా ఎండ తగిలి అప్పటికే బాగా వేడెక్కిన ఉపరితలంలోకి వేగంగా బాణం దూరితే రాపిడి వేడి దానికి తోడై అంటుకోవడం ఎక్కువవుతుంది. నీడ ఉన్న పెరడులో ఈవీఏ చక్కగా పనిచేస్తుంది. నీడ లేనిచోట కాంపౌండ్ విలుకాళ్లు దానిని తప్పించుకోవడం మేలు.

క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్, అంటే అణువుల గొలుసులను అడ్డంగా ముడివేసి బలపరచిన పాలిథిలీన్, ఈ సమీక్షలో అన్ని గుణాలనూ కలిపి చూస్తే ముందు నిలుస్తుంది. వేడిని తట్టుకుంటుంది, నొక్కు వదలగానే లేస్తుంది, నీటిని పీల్చదు. దీనిని పలుచని పలకలుగా కోసి, అంచులు విలుకాని వైపు ఉండేలా పేర్చి బిగిస్తే పొరల ఫలకం అవుతుంది. బాణం పొరను చీల్చకుండా రెండు పొరల మధ్యకు జారి, వాటి బిగువు కలిగించే రాపిడితో ఆగుతుంది. పీకగానే పొరలు తిరిగి కలుసుకుంటాయి. ఒకే ముద్దగా ఉన్న ఫోమ్ దిమ్మెకు ఈ సౌలభ్యం లేదు. ప్రతి బాణమూ దానిలో కొత్త రంధ్రమే చేస్తుంది.

చివరిది జంతువుల ఆకారంలో పోతపోసే పాలీయూరిథేన్ ఫలకాలు. వీటిలో కొన్నింటిని రంధ్రం తానే పూడుకునే ఫోమ్‌గా ప్రచారం చేస్తారు. బరువు, సాంద్రత, ధర మూడూ ఎక్కువ. ఇవి ప్రధానంగా బ్రాడ్‌హెడ్ అనే బ్లేడ్ల మొనలను తట్టుకోవడానికి, వేటగాళ్ల సాధన కోసం తయారయ్యేవి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తున్నందున, క్రీడాకారులు వాడే గుండ్రని కోసు మొనలకు ఈ గుణంతో పనిలేదు. బ్రాడ్‌హెడ్‌లను ఆపుతుందన్న ప్రచారానికి అదనపు ధర చెల్లించడం ఇక్కడి విలుకానికి వృథా.

ఎండ, గాలి, వాన, చెద

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంచుతాయి, గాలిలోని ఆక్సిజన్ ఆ తెగిన చోట చేరి నష్టాన్ని ముందుకు నడిపిస్తుంది. ఫలితంగా ఉపరితలం మొదట రంగు మారి, తర్వాత గట్టిపడి, చివరకు వేలితో రుద్దితే పొడి రాలే స్థితికి వస్తుంది. బాణం ఒక్కటి కూడా తగలకుండానే ఫలకం పాడయ్యే విధానం ఇది. మబ్బులు తక్కువగా ఉండే ఈ పీఠభూమిలో ఫలకం ఆయుష్షును బాణాల సంఖ్య కంటే ఎండలో గడిపిన గంటలే ముందుగా ముగిస్తాయి. నల్లని ఫోమ్‌లో కలిపే కార్బన్ బ్లాక్ అనే మసి అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది గనుక అది తెల్లనిదాని కంటే ఎండకు ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే నలుపు వేడిని కూడా ఎక్కువగా గ్రహిస్తుంది. ఈ రెంటి మధ్య రాజీ ఒక్కటే: నల్లని ఫోమ్‌ను ఎంచుకుని దానిని నీడలో ఉంచడం. వేప, కానుగ చెట్ల నీడ గాని, గోడ నీడ గాని, లేత రంగు కప్పు గాని ఫలకం మీద పెట్టే ఏ పెట్టుబడి కంటే ఎక్కువ ఫలితాన్నిస్తుంది. గాలి ఆడకుండా నల్లని టార్పాలిన్‌ను ఫలకానికి చుట్టివేస్తే కిరణాలు ఆగినా వేడి లోపలే చిక్కుకుంటుంది. లేత రంగు గోనెపట్టా వదులుగా కప్పడం మంచిది.

వేడికి మరొక ప్రభావం కూడా ఉంది. బిగువులో ఉన్న ఫోమ్ ఎక్కువకాలం వేడిలో ఉంటే మెల్లగా అణిగిపోయి తిరిగి లేచే శక్తిని కోల్పోతుంది. పొరల ఫలకాల్లో బోల్టులు వదులైనట్లు కనిపించడానికి కారణం తరచుగా ఇదే. వేసవిలో నెలకొకసారి బిగువు పరీక్షించి, మర తిప్పి సరిచేయాలి. మర చివరికి వచ్చినప్పుడు ఒక అదనపు పలకను చేర్చాలి.

గాలి విషయానికి వస్తే, రామగిరి కొండల మీద తిరుగుతున్న గాలిమరలే ఈ ప్రాంతపు గాలి బలానికి సాక్ష్యం. 120 సెంటీమీటర్ల చదరపు ఫలకం 1.44 చదరపు మీటర్ల వైశాల్యంతో గాలికి ఎదురు నిలుస్తుంది. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో గాలి దూకినప్పుడు దాని మీద 20 కిలోల బరువుకు మించిన తోపు పడుతుంది. మొత్తం ఫలకం బరువే 10, 15 కిలోలుండే ఫోమ్‌కు ఇది పడిపోవడానికి చాలినంత బలం. ముందుకు పడిన ఫలకం తనలో గుచ్చుకుని ఉన్న బాణాలన్నింటినీ ఒక్కసారిగా విరిచివేస్తుంది. అందువల్ల తేలిక అన్న గుణాన్ని అమ్మకందారు మెచ్చుకున్నా, స్టాండు కాళ్లకు ఇసుక మూటలు, వెనుక నుంచి నేలలో దిగగొట్టిన మేకులకు కట్టిన తాళ్లు తప్పనిసరి.

వాన తక్కువైనా, పడినప్పుడు ఒక్కసారిగా కుండపోతగా పడటం ఇక్కడి రివాజు. మూసిన గదుల ఫోమ్ లోపలికి నీరు పోదు గాని పొరల మధ్య నిలుస్తుంది. చెక్క చట్రం ఉబ్బుతుంది, బోల్టులకు తుప్పు పడుతుంది. చెదపురుగులు ఫోమ్‌ను ఆహారంగా తీసుకోవు కాని చెక్క చట్రాన్ని వదలవు. ఇనుప చట్రం గాని, నేల నుంచి కనీసం అడుగు ఎత్తున రాతి దిమ్మెల మీద నిలిపిన చట్రం గాని చెక్క ఉబ్బడం, చెద పట్టడం అనే ఈ రెండు సమస్యలనూ చాలావరకు తగ్గిస్తుంది.

కొనేముందు చేయదగిన పరీక్షలు

ఫోమ్ నాణ్యతకు తొలి సూచిక సాంద్రత, అంటే ఒక ఘనమీటరు పదార్థం ఎన్ని కిలోలు తూగుతుందన్నది. దానిని కొనుగోలుదారు తానే లెక్కించుకోవచ్చు. 120 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మె ఘనపరిమాణం 0.288 ఘనమీటర్లు. అది 10 కిలోలు తూగితే సాంద్రత సుమారు 35. ఒకే జాతి ఫోముల్లో సాంద్రత ఎక్కువైనది ఎక్కువ బలమైనది. కానీ ఈవీఏను పాలిథిలీన్‌తో, పాలిథిలీన్‌ను పాలీయూరిథేన్‌తో కేవలం సాంద్రతను బట్టి పోల్చడం తప్పు. సాంద్రత మరీ ఎక్కువైన ముద్ద ఫోమ్ బాణాన్ని వెంటనే ఆపుతుంది గాని పీకేటప్పుడు పిల్లల భుజాలకు, బాణాల కాడలకు పరీక్ష అవుతుంది. ఆపడం, వదలడం రెండూ సమానంగా చూడదగిన గుణాలు.

రెండవ పరీక్ష బొటనవేలితో చేసేది: గట్టిగా నొక్కి వదిలితే గుంట వెంటనే పూడుకోవాలి, గుర్తు నిలిచిపోతే ఆ ఫోమ్ రంధ్రాలను కూడా అలాగే నిలుపుకుంటుంది. మూడవది నీటి పరీక్ష: చిన్న ముక్కను తూచి, రాత్రంతా నీటిలో ముంచి, తుడిచి మళ్లీ తూస్తే బరువు పెద్దగా పెరగకూడదు. నాలుగవది, వీలైతే తన విల్లుతోనే, తాను సాధన చేయబోయే దూరం నుంచి, ఒకే చోట కొన్ని బాణాలు వేసి చూడటం. మొన వెనుక వైపు బయటకు కనిపిస్తే ఆ మందం చాలదు. వెదురు విళ్లకు 15 సెంటీమీటర్లు, రికర్వ్‌కు 20, కాంపౌండ్‌కు 25 లేదా అంతకు మించిన మందం తొలి అంచనాగా తీసుకోవచ్చు.

ధరను ఒక్కసారి చెల్లించే మొత్తంగా గాక ఒక్కో బాణానికి అయ్యే ఖర్చుగా చూడటం సరైన పద్ధతి. రోజుకు 60 బాణాల చొప్పున ఏడాదిలో 300 రోజులు సాధన చేసే విద్యార్థి 18,000 బాణాలు వేస్తాడు. ఆ ఏడాది మధ్యలో రెండుసార్లు మార్చవలసి వచ్చే చవక దిమ్మె, మూడేళ్లు నిలిచే పొరల ఫలకం కంటే చివరికి ఖరీదైనదే అవుతుంది. ఈ లెక్కలో మరో అంశం కలుస్తుంది. గురి కుదిరిన కొద్దీ బాణాలన్నీ మధ్యభాగంలోనే పడతాయి గనుక అంచులు కొత్తగా ఉండగానే మధ్యభాగం అరిగిపోతుంది. నడుమ భాగాన్ని విడిగా తీసి మార్చుకునే వీలున్న ఫలకంలో అరిగిన ఆ కొద్ది భాగానికే ఖర్చు పెట్టాలి. ఈ ఒక్క సౌకర్యం ఉంటే మొదటి ధర కొంత ఎక్కువైనా అంగీకరించదగినదే.

పెరటిలో అమరిక, భద్రత

ఏ ఫలకమూ దాని పక్కనుంచి వెళ్లిపోయే బాణాన్ని ఆపలేదు. గురి తప్పిన బాణం వందల మీటర్లు ప్రయాణించగలదు గనుక ఫలకం వెనుక ఏముందన్న ప్రశ్న ఫలకం దేనితో చేశారన్న ప్రశ్న కంటే ముందు రావాలి. అనంతపురం పెరళ్లలో రాతి గోడలు, నాపరాతి బండల దడులు సాధారణం. రాయి బాణాన్ని ఆపదు. విరుస్తుంది, లేదా ఊహించని దిశకు ఎగరగొడుతుంది. ఫలకం వెనుక, దానికంటే బాగా ఎత్తుగా, రెండు పక్కలా విస్తరించి ఉన్న మెత్తని మట్టికట్ట అత్యుత్తమమైన రక్షణ. రాళ్లు ఏరివేసిన ఎర్రమట్టి అందుకు చాలు. స్థలం లేకపోతే రాతి గోడకు ముందు కొంత ఎడంతో వదులుగా వేలాడదీసిన బలమైన వలను గాని, వరుసగా పేర్చిన గుడ్డమూటలను గాని వాడాలి. దారి, కాలిబాట, పశువుల కొట్టం, పొరుగు మిద్దె ఉన్న దిశలో ఫలకాన్ని ఎన్నడూ నిలపకూడదు. ఇంటి తలుపు ఫలకం వైపు తెరుచుకునేటట్లయితే సాధన సమయంలో దానిని గడియవేయాలి. ఇటువంటి రక్షణకు వీలులేని పెరటిలో ఎంత మంచి ఫోమ్ ఉన్నా సాధన చేయరాదు.

పెరడు చిన్నదైనా సాధనకు లోటు లేదు. అయిదు, ఆరు మీటర్ల దూరం నుంచి కాగితం అంటించని ఫలకం మీద వేస్తూ భంగిమను, వింటినారి విడుపును సరిచేసుకోవడం అన్ని స్థాయిల విలుకాళ్లూ చేసే అభ్యాసం. స్థలం ఉన్నచోట 18 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల కాగితంతో గది లోపలి పోటీల కొలతలకే సాధన చేయవచ్చు. దగ్గర నుంచి వేసినప్పుడు బాణం వేగం తగ్గకుండానే తగులుతుంది, బాణాలన్నీ గుప్పెడంత చోట పడతాయి. కనుక దగ్గరి సాధనకు ఫలకం పలుచగా ఉన్నా చాలునన్న అభిప్రాయం సరికాదు.

మరమ్మతు, పారవేత

సరైన వాడకం ఫలకం ఆయుష్షును గణనీయంగా పెంచుతుంది. కాగితాన్ని ప్రతి వారం కొత్తచోటికి మార్చడం, ఒకే కాగితం మీద మూడు చిన్న గురులు పెట్టి వంతులవారీగా వేయడం, ఫలకాన్ని నెలకొకసారి తలకిందులు చేయడం, మధ్య పలకలను అంచులకు, అంచు పలకలను మధ్యకు మార్చడం అందరూ చేయగల పనులు. వేసవిలో సాధనను ఉదయపు చల్లదనంలో ముగిస్తే బాణాలు తేలికగా వస్తాయి. కాడ ముందుభాగానికి పొడి సబ్బు రుద్దితే అంటుకోవడం తగ్గుతుంది. పీకేటప్పుడు ఒక అరచేయి ఫలకానికి ఆనించి, రెండవ చేత్తో కాడను ఫలకం దగ్గరగా పట్టుకుని, వంచకుండా నేరుగా లాగాలి. వెనుక ఎవరూ నిలబడి ఉండకూడదు.

ఫోమ్‌కు ఉన్న ఒక దోషాన్ని దాని ప్రయోజనాలతో సమానంగా చెప్పుకోవాలి. బాణాలకు రాలిన ముక్కలు మట్టిలో కలిసిపోవు; గాలికి కొట్టుకుపోయి, గొర్రెలు, మేకలు మేసే బీళ్లకు చేరతాయి. ప్లాస్టిక్ ముక్కలు మూగజీవాల కడుపులో చేరితే జీర్ణం కాక, ప్రాణాపాయం తెస్తాయి. మేతను కాపాడటానికి గడ్డిని వదిలి ఫోమ్‌ను ఎంచుకున్నవారు ఆ ఫోమ్‌తోనే మందలకు హాని చేయడం తగదు. ఫలకం కింద ఒక పట్టా పరచి, ప్రతి సాధన తర్వాత ముక్కలను ఊడ్చి సంచిలో చేర్చాలి. అరిగిన ఫోమ్‌ను పెరటిలో తగలబెట్టకూడదు. పాలీయూరిథేన్ పొగలో హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. మధ్యభాగం పాడైన పాలిథిలీన్ పలకల బాగున్న అంచులను కోసి చిన్న ఫలకంగా తిరిగి పేర్చవచ్చు. మిగిలినదానిని ప్లాస్టిక్ తుక్కు కొనేవారికి ఇవ్వాలి.

నిర్ధారణ

ఈ పరిశీలన నుంచి తేలే క్రమం స్పష్టమైనది. రికర్వ్ లేదా కాంపౌండ్‌తో నిత్యం సాధన చేసేవారికి మూసిన గదుల క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్ పొరలతో, మర తిప్పి బిగించుకునే ఇనుప చట్రంతో, మార్చుకోదగిన నడుమ భాగంతో ఉన్న నల్లని ఫలకం మొదటి ఎంపిక. నీడ బాగా ఉండి, విల్లు బలం మధ్యస్థంగా ఉంటే ఈవీఏ రెండవ ఎంపిక. వెదురు విల్లుతో మొదలుపెట్టే పిల్లలకు, పెద్ద ఖర్చు భరించలేని కుటుంబాలకు, గుండీలు ఏరివేసి గట్టిగా కూరిన గుడ్డముక్కల సంచి ఏ ఫోమ్‌కూ తీసిపోదు. థర్మోకోల్‌ను, పరుపు స్పాంజిని, పశువుల మేతను ఫలకంగా వాడకూడదు.

అనంతపురం వాసులకు విలువిద్య కొత్త దృశ్యం కాదు. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాల్లో కిరాతుడైన శివునికి ఎదురు నిలిచిన అర్జునుణ్ణి వారు తరతరాలుగా చూస్తున్నారు. ఆ విద్యను నేటి పిల్లలు ఇంటి వెనుక నేర్చుకోవడానికి కావలసిన సాధనాలు ఈ ప్రాంతానికి అందుబాటులోనే ఉన్నాయి. ఫలకం కొనదలచిన తల్లిదండ్రులు, పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు ముందుగా మట్టికట్టకు, నీడకు, గాలికి నిలిచే కట్టుకు ఏర్పాటు చేసి, ఆ తర్వాతనే ఫోమ్ మీద డబ్బు వెచ్చించాలి. ఆ మూడూ ఉన్నచోట సాధారణమైన ఫలకం కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అవి లేనిచోట అత్యంత ఖరీదైనది కూడా ఒక్క వేసవిని దాటడం కష్టం.